ల్యాబ్ తాళం ఇంకాసేపు మా దగ్గర ఉండనివ్వండి

పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, యాజమాన్య కమిటీల పెద్దలకు,

నమస్కారం.

నేను సైన్సు టీచర్ని. కంప్యూటర్ నా సబ్జెక్టు కాదు. అయినా కొన్నేళ్లుగా తరగతిలో పిల్లల చేత ఆడియోలు, యానిమేషన్లు, చిన్న చిన్న వీడియోలు చేయిస్తున్నాను. కొన్ని బాగా వచ్చాయి, చాలావరకు మామూలుగా వచ్చాయి, రెండు మూడు అసలు పూర్తే కాలేదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం మాత్రం వాటన్నిటిలోకీ అందంగా వచ్చిన ఒక వీడియో.

మొన్నటి ప్రదర్శనలో హాలు పొడవునా పన్నెండు కంప్యూటర్లు పెట్టాం, జట్టుకొకటి చొప్పున. వాటిలో తొమ్మిది వీడియోలు ఒకేలా మొదలయ్యాయి. నల్లటి తెర, గిర్రున తిరుగుతూ ముందుకొచ్చే భూగోళం, గుండెలదిరే సంగీతం, ఆ తర్వాత బంగారు రంగు అక్షరాల్లో పాఠం పేరు. కిరణజన్య సంయోగక్రియకీ అదే భూగోళం, ఘర్షణకీ అదే భూగోళం. వచ్చిన పెద్దలంతా బాగుందన్నారు. మొదటి బహుమతి వచ్చిన వీడియోలో గుండె బొమ్మ ఉంది. రక్తం ఒకవైపు ఎర్రగా, ఒకవైపు నీలంగా పారుతోంది. చూడముచ్చటగా ఉంది. చప్పట్లయ్యాక ఆ జట్టులోని అబ్బాయిని పక్కకి పిలిచి, "ఈ నీలం బాణం ఊపిరితిత్తుల వైపు ఎందుకు వెళ్తోందిరా?" అని అడిగాను.

"తెలీదు టీచర్. అది మా అన్నయ్య పెట్టాడు" అన్నాడు. పాపం, అబద్ధమైతే చెప్పలేదు.

ఆ బహుమతి ఎవరికివ్వాలో తేల్చిన ముగ్గురిలో నేనూ ఒకదాన్ని. కాబట్టి దీన్ని ఎవరి మీదా ఫిర్యాదుగా తీసుకోకండి. అయినట్టయితే, మొదట నా మీదే అవుతుంది.

పిల్లల చేత ఇలాంటివి చేయించే విషయం ఎత్తగానే హెడ్మాస్టర్లు సాధారణంగా అనే మాట "బడ్జెట్ లేదమ్మా" అని. డబ్బు అడగడానికి రాయడం లేదు. గొంతు రికార్డు చేసి కత్తిరించుకోవడానికి ఆడాసిటీ ఉంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు మొదలుపెట్టిన పని అది, 2000లో బయటికొచ్చింది. ఫొటోలకి గింప్ ఉంది, బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఇద్దరు విద్యార్థులు చేసింది. గీతల బొమ్మలకి ఇంక్‌స్కేప్, చిన్న తరగతులకి టక్స్ పెయింట్, వీడియోలకి ఓపెన్‌షాట్, కదిలే కథలకీ ఆటలకీ స్క్రాచ్. త్రీడీ కావాలన్నవాళ్లకి బ్లెండర్. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడితే, వాడేవాళ్లంతా కలిసి 2002లో 1,00,000 యూరోలు చందా వేసుకుని మరీ అందరి సొత్తు చేసుకున్నారు. ఇవన్నీ ఉచితమే. పాత కంప్యూటర్లలో బ్లెండర్ కాస్త మొరాయిస్తుంది గానీ మిగతావి చాలావరకు నడుస్తాయి.

డబ్బుతో రానివి మూడున్నాయి. టైంటేబుల్, మార్కుల పట్టిక, కంప్యూటర్ ల్యాబ్ తాళం. మూడూ మీ చేతిలోనే ఉన్నాయి. మూడింటి గురించీ చెప్తాను గానీ, ముందు అదే ప్రదర్శనలో ఓడిపోయిన ఒక ప్రాజెక్టు సంగతి వినండి.

కణవిభజన పాఠం. పుస్తకంలో నాలుగు బొమ్మలుంటాయి: ప్రథమ దశ, మధ్యస్థ దశ, చలన దశ, అంత్య దశ. ఆ నాలుగూ గీసి పేర్లు రాస్తే పరీక్షలో మార్కులు పడతాయి. ఒక జట్టు దాన్ని స్టాప్ మోషన్‌లో చేస్తామంది. అంటే వస్తువుని రవ్వంత జరిపి ఫొటో తీయడం, మళ్లీ రవ్వంత జరిపి మళ్లీ ఫొటో తీయడం. సెకనుకి 12 ఫొటోలు. అట్టముక్క మీద రంగు రంగుల ఉన్ని దారాలు పరిచి, ఇవే క్రోమోజోములన్నారు. రెండు కుర్చీల మధ్య కర్ర పెట్టి దానికి ఫోన్ కట్టారు.

ఇరవై ఫొటోలు తీశాక పని ఆగిపోయింది. పుస్తకంలో మొదటి బొమ్మలో క్రోమోజోములు చెల్లాచెదురుగా ఉంటాయి. రెండో బొమ్మకొచ్చేసరికి మధ్యలో బుద్ధిగా వరసకట్టి నిలబడతాయి. ఈ రెండు బొమ్మల నడుమ ఏం జరిగిందో పుస్తకం చెప్పదు. "టీచర్, ఇవి మధ్యకెలా వస్తాయి? తిన్నగా వస్తాయా, చుట్టూ తిరిగి వస్తాయా? లాగేదెవరు?" అని చుట్టుముట్టారు. ఎన్నో ఏళ్లుగా ఆ పాఠం చెప్తున్నాను. ఒక్క పిల్లా ఆ ప్రశ్న వేయలేదు, నాకు నేనుగా కూడా వేసుకోలేదు. ఆ రోజు ఇంటికెళ్లి చదువుకోవాల్సి వచ్చింది. కణం రెండు ధ్రువాల నుంచీ వచ్చే కండె తంతువులు ఒక్కో క్రోమోజోముని చెరోవైపు నుంచీ పట్టుకుంటాయి. కాసేపు అది అటూ ఇటూ ఊగుతుంది. రెండువైపులా లాగుడు సరితూగినప్పుడు మధ్యలో నిలుస్తుంది. మర్నాడు ఇది చెప్పగానే పిల్లలు అప్పటిదాకా తీసిన ఫొటోలన్నీ తీసేసి, దారాలు ఊగేటట్టు మొదటి నుంచీ మొదలుపెట్టారు.

నిలబడి ఉన్న బొమ్మలో తెలియని సంగతి దాక్కోగలదు. కదిలించాలంటే ప్రతి అడుగుకీ జవాబు తెలిసి ఉండాలి. ఇరవై సెకన్ల సినిమాకి 240 ఫొటోలు, అంటే 240 సార్లు "ఇప్పుడిది ఎక్కడుంటుంది?" అని మనల్ని మనం అడగడం. మల్టీమీడియా పేరు చెప్పగానే మనం తెరమీద మెరుపుల గురించి ఆలోచిస్తాం గానీ, నాకు దానిలో పనికొచ్చేది ఈ 240 ప్రశ్నలే.

చివరికి వచ్చిన సినిమా ఎలా ఉందంటే, ఒకచోట ఎవరిదో వేలు కనిపిస్తుంది. వెలుతురు మధ్యలో మారిపోతుంది, ఎందుకంటే మధ్యాహ్నం మొదలుపెట్టి సాయంత్రానికి ముగించారు. పైన చెప్పిన పన్నెండింటిలో భూగోళం లేని మూడింటిలో ఇదొకటి. మాకిచ్చిన మార్కుల పట్టికలో "స్పష్టత", "ఆకర్షణ", "సమయపాలన" అని గళ్లున్నాయి. పని జరిగిన తీరుకి గడి లేదు. వేలు కనిపించిందని స్పష్టతలో మార్కులు కోసింది నేనే.

అందుకే ముందు మార్కుల గురించి. ఆఖరి వీడియోకి మార్కులన్నీ వేసినంతకాలం అన్నయ్యలు, నాన్నలు, బయట ఎడిటింగ్ చేసిపెట్టేవాళ్లు ప్రాజెక్టులు చేస్తూనే ఉంటారు. వాళ్లని తప్పుపట్టలేం, మనం అడిగింది అదే కాబట్టి. పైగా ఒక్క వాక్యం టైప్ చేస్తే వీడియో తయారై వచ్చేస్తున్న రోజులివి. ఆఖరి తళుకుని బట్టి పిల్లవాడి తెలివి కొలవడం మొదట్నుంచీ కష్టమే, ఇప్పుడైతే అర్థమే లేదు.

నేను ఈమధ్య చేస్తున్న పద్ధతి ఒకటి చెప్తాను. గొప్పదేం కాదు. సగం మార్కులు వీడియో పూర్తవకముందే వేసేస్తాను. మొదట స్టోరీబోర్డు, అంటే కాగితం మీద గళ్లు గీసి, ఏ గడిలో ఏం కనిపిస్తుందో, ఏం వినిపిస్తుందో పెన్సిల్‌తో రాయడం. బొమ్మలు పుల్లల మనుషులైనా పర్వాలేదు. ఆ కాగితం చూడకుండా కంప్యూటర్ ముట్టుకోనివ్వను. తర్వాత రఫ్ కట్: సంగీతం లేకుండా, అక్షరాలు లేకుండా, ఉన్నదున్నట్టు అతికించిన ముడి వీడియో. దాన్ని తరగతంతా కలిసి చూస్తుంది, ఎక్కడ అర్థం కాలేదో చెప్తుంది. చివర్లో ప్రతి పిల్లా అరపేజీ రాయాలి: నేనేం తీసేశాను, ఎందుకు తీసేశాను. అన్నయ్య చేసిపెట్టినవాడు ఈ అరపేజీ దగ్గర దొరికిపోతాడు. దొరకబుచ్చుకోవడం నా ఉద్దేశం కాదనుకోండి, అయినా దొరుకుతారు.

తీసేయడం గురించి అడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. బొమ్మలూ మాటలూ కలిస్తే మనిషి ఎలా నేర్చుకుంటాడన్న దాని మీద శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాలపాటు ప్రయోగాలు చేశారు. ఆయన తేల్చినవాటిలో రెండు మన ప్రదర్శనలకి అచ్చంగా సరిపోతాయి. పాఠానికి సంబంధం లేని సంగీతం, బొమ్మలు, ముచ్చట్లు ఎంత సరదాగా ఉన్నా నేర్చుకోవడానికి అడ్డమే పడతాయి. అలాగే గొంతు చెప్తున్న మాటల్నే తెర మీద అక్షరం పొల్లుపోకుండా వేస్తే, చాలాసార్లు బుర్రకి బరువు పెరుగుతుందే తప్ప లాభం ఉండదు. వినబడని పిల్లలు చూసేదైతే అక్షరాలు ఉండి తీరాలి, అది వేరే సంగతి. మొత్తానికి మనం "ఆకర్షణ" గడిలో మార్కులిస్తున్నది ఎక్కువగా ఈ అడ్డంకులకే.

ఇక టైంటేబుల్. నలభై నిమిషాల పీరియడ్‌లో ఏం జరుగుతుందో ఒకసారి మా ల్యాబ్‌లో నిలబడి చూడండి. పిల్లలు మెట్లెక్కి రావడానికి ఐదు నిమిషాలు. కంప్యూటర్లు లేచేసరికి ఇంకో ఐదు. నిన్నటి ఫైల్ ఎక్కడ పెట్టామో వెతకడానికి ఇంకో ఐదు, హెడ్‌ఫోన్ల గొడవకి రెండు. చివర సేవ్ చేసి మూసేయడానికి ఐదు తీసేయండి. చేతికి మిగిలేది ఇరవై నిమిషాలు కూడా కాదు. ఆ కొద్దిసేపట్లో పిల్లలు చేయగలిగేది టెంప్లేట్, అంటే ముందే తయారుగా ఉన్న నమూనా, తెరిచి, గళ్లలో మాటలు నింపడమే. తొమ్మిది భూగోళాలు ఎక్కడినుంచి వచ్చాయో నాకు ఇప్పుడు తెలుసు. పిల్లల సోమరితనం నుంచి వచ్చినవి కావవి, టైంటేబుల్లోంచి వచ్చినవి.

పిల్లల కోసం చేసిన లోగో అనే ప్రోగ్రామింగ్ భాష రూపకర్తల్లో ఒకరైన సేమోర్ పాపర్ట్, పిల్లల చేతికిచ్చే పనిముట్టుకి నేల తక్కువ ఎత్తులో, కప్పు ఎక్కువ ఎత్తులో ఉండాలనేవారు. ఎవరైనా సులువుగా లోపలికి అడుగుపెట్టగలగాలి, పెట్టాక ఎంత ఎత్తుకైనా ఎదగగలగాలి. 2007లో స్క్రాచ్‌ని తెచ్చిన ఎంఐటీ (అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయం) బృందానికి నాయకత్వం వహించిన మిచెల్ రెస్నిక్ దానికి ఇంకోటి కలిపారు: గోడలు విశాలంగా ఉండాలి. అంటే పదిమంది పిల్లలు పది దారుల్లో వెళ్లగలగాలి. టెంప్లేట్‌కి నేల బాగా తక్కువే. గోడలే లేవు, సందు మాత్రమే ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని మమ్మల్ని అడిగేవాళ్లకి నేను చెప్పే పరీక్ష ఇదొక్కటే: ఇరవైమంది చేసినవి పక్కపక్కన పెట్టి చూడండి, ఎవరిది ఏదో పేరు చూడకుండా చెప్పగలిగితే ఆ సాఫ్ట్‌వేర్ మంచిదే.

వరసగా రెండు పీరియడ్లు కలిపి ఇస్తే ఏమవుతుందో మా ఆడియో ప్రాజెక్టులో చూశాను. అదీ అనుకోకుండానే. ఒక టీచర్ సెలవు పెట్టడంతో ఆ గంట మాకు కలిసొచ్చింది.

రోజూ చూసే మనుషుల్లో ఒకరితో మాట్లాడి, ఆ సంభాషణని మూడు నిమిషాలకి కుదించాలి. అదీ పని. ఒక జట్టు గేటు దగ్గరుండే వాచ్‌మన్ తాతతో పదకొండు నిమిషాలు మాట్లాడింది. పదకొండుని మూడు చేయాలి. ఆడాసిటీలో గొంతు కొండలూ లోయల్లాగా గీతై కనిపిస్తుంది. ఎక్కడ ఆగాడో, ఎక్కడ గొంతు పెంచాడో కళ్లతో చూడొచ్చు. పిల్లలకి అదో ఆట. దగ్గులు తీసేశారు, "ఆఁ, ఊఁ"లు తీసేశారు, మోటార్ సైకిల్ చప్పుడు తీసేశారు. ఒకచోట "పని ఎలా ఉంది తాతా?" అని అడిగితే ఆయనన్నాడు: "అంతా బాగానే ఉంది..." కాసేపు ఆగి, "...అని చెప్పలేను బాబూ." ఎడిట్ చేసే అబ్బాయి ఆ ఖాళీ దగ్గర కత్తిరించాడు. నిడివి సరిపోవాలి కదా. విన్నాం: "అంతా బాగానే ఉంది."

ముందు నవ్వారు. తర్వాత ఒకమ్మాయి, "అలా తాత అనలేదు కదా" అంది. "అన్నాడుగా, ఆయన గొంతే కదా అది" అన్నాడు ఎడిట్ చేసినవాడు. అక్కణ్నుంచి ఇరవై నిమిషాలు వాదన. మన భాషలో క్రియ చివర్లో వస్తుంది, అవునూ కాదూ తేలేది అక్కడే. కాబట్టి తెలుగు వాక్యాన్ని మధ్యలో కోయడం చాలా ప్రమాదమని వాళ్లంతట వాళ్లే కనిపెట్టారు. ఆఖరికి ఆ వాక్యం మొత్తం ఉంచి, మధ్యలోని ఆ మౌనాన్ని కూడా ఉంచారు. దానికోసం ఇంకెక్కడో ముప్పై సెకన్లు వదులుకున్నారు. వార్తల్లో వచ్చే క్లిప్పుల్ని ఆ పిల్లలు ఇకమీద ఎలా వింటారో మీరే ఊహించుకోండి. అదే నలభై నిమిషాల పీరియడ్ అయ్యుంటే గంట మోగేది, "అంతా బాగానే ఉంది" అని సేవ్ అయిపోయేది.

పనిముట్టు కొత్తదైనా ఈ పని కొత్తదేం కాదు. 1924లో ఫ్రాన్స్‌లోని బార్-సుర్-లూ అనే పల్లెలో సెలెస్తాఁ ఫ్రెనే అనే బడిపంతులు తరగతిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తులకి గాయమై, ఆయన ఎక్కువసేపు గట్టిగా మాట్లాడి పాఠం చెప్పలేకపోయేవాడు. పిల్లలు తమ బతుకుల్లోంచి తామే రాసుకుని, సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి, అచ్చువేసి వేరే బడి పిల్లలకి పంపేవారు. అక్షరాలు చేత్తో పేర్చడం ఎంత నెమ్మదైన పనో ఆలోచించండి. ఒక్క మాట అనవసరంగా ఉన్నా దాన్ని పేర్చే చేతికి తెలుస్తుంది. స్టాప్ మోషన్ చేస్తున్న పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు ఆ అచ్చుగది గుర్తొస్తుంది. సాఫ్ట్‌వేర్ పని వేగంగా చేస్తుందని మనం కొంటాం. తరగతిలో కొన్నిసార్లు నెమ్మదిగా చేయించేదే మేలు.

తాళం సంగతికొస్తాను. ల్యాబ్‌లో ఏదైనా పోతే బాధ్యత ఎవరిదన్న భయం మీకుంటుందని తెలుసు. నాకూ ఉంది. ఒక ఏడాది నాలుగు వారాల పని ఒక్క రోజులో పోయింది. దొంగలెవరూ రాలేదు. ఒకమ్మాయి తన వీడియో ప్రాజెక్టు ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికెళ్లింది. మర్నాడు ఆ ల్యాబ్ కంప్యూటర్ని ఎవరో శుభ్రం చేశారు, ఆమె ఫోల్డర్ పోయింది. "పర్లేదు టీచర్, నా దగ్గరుంది" అని పెన్‌డ్రైవ్ పెట్టింది. తెరిస్తే టైమ్‌లైన్ ఉంది, క్లిప్పుల పేర్లున్నాయి, క్లిప్పులు లేవు. ఎందుకంటే వీడియో ఎడిటింగ్‌లో ప్రాజెక్టు ఫైల్ అంటే వంట పద్ధతి రాసిన కాగితం లాంటిది, సరుకులు వేరే చోట ఉంటాయి. ఏ క్లిప్ ఎక్కడ కత్తిరించాలో, ఏది ముందో ఏది వెనకో అందులో రాసి ఉంటుందంతే. ఆడాసిటీ కూడా 2021 మార్చిలో 3.0 వెర్షన్ వచ్చేదాకా ప్రాజెక్టు ఫైల్‌నీ శబ్దాల ఫోల్డర్‌నీ విడివిడిగానే ఉంచేది. ఈ సంగతి మొదటిరోజే పిల్లలకి చెప్పాల్సిన టీచర్ని నేను. చెప్పలేదు. ఆ అమ్మాయి ఏడవలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

అప్పట్నుంచీ జట్టుకో ఫోల్డర్. బొమ్మలు, శబ్దాలు, క్లిప్పులు, ప్రాజెక్టు ఫైల్ అన్నీ దాంట్లోనే, కాపీ చేస్తే ఫోల్డర్ మొత్తం చేయాలి. పూర్తయ్యాక ఎక్కడైనా ఆడే మామూలు వీడియో ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి ఒక ప్రతి బడి దగ్గర ఉంచాలి. ఇది కూడా అనుభవంతో వచ్చిన బుద్ధే. 2020 డిసెంబర్ 31తో, బ్రౌజర్లో యానిమేషన్లు ఆడించే ఫ్లాష్‌కి మద్దతు ఆగిపోయింది. దాంట్లో పిల్లలు చేసిన బొమ్మలాటలు ఎన్నో ఇప్పుడు మామూలు బ్రౌజర్లో తెరుచుకోవు. సాఫ్ట్‌వేర్లు వస్తాయి, పోతాయి. ఫలానా మెనూలో ఫలానా బటన్ ఎక్కడుందని పరీక్షలో అడగడం మానేస్తే మంచిదని ఈ సందర్భంగా సిలబస్ తయారుచేసే పెద్దలకి కూడా ఒక విన్నపం.

ల్యాబ్ తెరిచి ఉంచడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదని చెప్పడానికి ఒక చిన్న లెక్క. ఫోన్లు ఇప్పుడు 4కేలో వీడియో తీస్తున్నాయి. అది 720పీ వీడియోకి తొమ్మిది రెట్ల చుక్కలు. ఆ బరువుకే పాత కంప్యూటర్లు కూలబడతాయి. తీసేటప్పుడే ఫోన్ సెట్టింగుల్లో 720పీ పెట్టించండి, తరగతి గోడ మీద వేసి చూడ్డానికి అది చాలు. గొంతు రికార్డింగ్ కుదించకుండా స్టీరియోలో దాస్తే నిమిషానికి సుమారు 10 ఎంబీ అవుతుంది. మాట్లాడే గొంతుకి మోనో, అంటే రెండు ఛానళ్లకి బదులు ఒక్కటే, సరిపోతుంది, సగానికి సగం తగ్గుతుంది. కంప్యూటర్లు సరిపోవంటారా, ముగ్గురికొకటి చాలు. నిజానికి ముగ్గురికొకటి ఉంటేనే మేలు. ఒక్కడే కూర్చుంటే వాదన ఉండదు. మౌస్ మాత్రం పది నిమిషాలకోసారి చేతులు మారాలి. లేకపోతే బాగా వచ్చినవాడే ఎప్పుడూ పట్టుకుంటాడు, తక్కిన ఇద్దరూ ప్రేక్షకులవుతారు. ఎక్కువసార్లు ఆ ప్రేక్షకులు ఆడపిల్లలే అవడం కూడా చూశాను.

పిల్లలకి మౌస్ ఇవ్వమంటున్నాను గానీ, మా టీచర్లే దాన్ని లాక్కుంటున్నారు. నేనూ లాక్కున్నాను. గడువు దగ్గరపడుతుంది, టెన్షన్. "ఇలా ఇవ్వు, నేను చేసిపెడతాను" అనేస్తాం. దీనికి విరుగుడు శిక్షణా తరగతులని చాలామంది అంటారు. నాకంత నమ్మకం లేదు. ఒకరోజు శిక్షణలో యాభై బటన్లు చూపిస్తారు, వారానికి అన్నీ మర్చిపోతాం. దానికి బదులు టీచర్లు కూడా ఒక్క నిమిషం ఆడియో ఒకటి సొంతంగా చేసుకుని రమ్మనండి, పిల్లల ముందు వినిపించమనండి. రికార్డింగ్‌లో మన గొంతు మనకే వింతగా ఉంటుంది. ఆ సిగ్గు ఒకసారి అనుభవించిన టీచర్, పిల్ల తన గొంతు వినిపించడానికి జంకుతుంటే కసురుకోదు.

కాపీరైట్ గురించి రెండు మాటలు, ఎందుకంటే ఆ గుండెలదిరే సంగీతం ఎవరిదో ఆ రోజు ఎవరూ అడగలేదు. ఇంటర్నెట్‌లో దొరికిందల్లా మనది కాదు. తమ పనిని ఇతరులు ఎలా వాడుకోవచ్చో చేసినవాళ్లే చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు 2002 నుంచీ ఉన్నాయి. పేరు చెప్పి వాడుకోమని కొందరు, వ్యాపారానికి వద్దని కొందరు, మార్చొద్దని కొందరు ముందే రాసిపెడతారు. పెద్దవాళ్లే తప్పుచేసే చోటొకటి ఉంది. "మార్చొద్దు" అన్న లైసెన్సు ఉన్న పాటని వీడియో వెనక కలిపితే, పాటని ముట్టుకోకపోయినా అది మార్చినట్టే లెక్క. అలా కలిపిన వీడియోని నలుగురికీ పంచకూడదు. మా పిల్లలు ఈ గొడవంతా విని, బల్లల మీద దరువేసి తమ సంగీతం తామే రికార్డు చేసుకున్నారు. కొంచెం గోలగా ఉంటుంది. పిల్లల ముఖాలు కనిపించే వీడియోలైతే ఇంట్లోవాళ్లు రాసిచ్చిన అంగీకారం లేకుండా బడి దాటి పోనివ్వకండి. బడి పేరు మారుమోగాలన్న ఉత్సాహంలో సోషల్ మీడియాలో పెట్టేవాళ్లలో చాలామందికి ఇది తట్టదు.

ఇవీ నేను అడిగేవి. వారానికి ఒకసారి రెండు పీరియడ్లు కలిపి, ఒకే రోజున, ఎవరూ ఎత్తేయకుండా. మార్కుల పట్టికలో "ఆకర్షణ" కొట్టేసి ఆ గడిలో స్టోరీబోర్డు, రఫ్ కట్, అరపేజీ. బడి వదిలాక ఒక గంట ల్యాబ్ తాళం టీచర్ దగ్గర. ఏడాది పొడవునా ప్రాజెక్టులు ఆరు అక్కర్లేదు, రెండు చాలు. ప్రదర్శన మానేయమని కూడా అనను, పిల్లలకి చూసేవాళ్లుండాలి. కాకపోతే ప్రతి వీడియో పక్కన పెన్సిల్ స్టోరీబోర్డు కూడా అంటించమనండి. వచ్చిన పెద్దలు ముందు ఆ కాగితం చూస్తారు.

వచ్చే నెల మొదటి బుధవారం మా తరగతిలో రఫ్ కట్‌లు చూస్తున్నాం. ఈసారి పాఠం శబ్దం. ఏడు జట్లు, ఏడూ సగం సగం ఉన్నాయి. ఒకదాంట్లో మాటకీ పెదాలకీ పొంతన లేదు, ఇంకోదాంట్లో తెలుగు ఒత్తులు విడిపోయి అక్షరాలు చిందరవందరగా కనిపిస్తున్నాయి. మీలో ఎవరికి వీలైతే వాళ్లు రండి. వెనక బెంచీల్లో చోటుంటుంది. పిల్లలు ఒకరి తప్పులు ఒకరు చెప్పుకుంటున్నప్పుడు దయచేసి మధ్యలో మాట్లాడకండి, బహుమతులు కూడా తేకండి. హెడ్‌ఫోన్లు ఉంటే మాత్రం తెచ్చుకోండి. మా దగ్గర నాలుగే ఉన్నాయి, అందులో ఒకటి ఒక చెవికే వినిపిస్తుంది.

ఇట్లు,
ఒక సైన్సు టీచర్